ఒక్క డ్రైవరు, బోలెడు చిప్పులు: చిక్కంతా ఎర్రర్ కోడ్ దగ్గరే ఎందుకొస్తుంది

వైజాగ్ ద్వారకానగర్లో ఏదో ఒక కంప్యూటర్ షాపుకెళ్లి చవకలో గిగాబిట్ లాన్ కార్డు అడిగితే చాలావరకు రియల్‌టెక్ చిప్ ఉన్నదే చేతిలో పెడతారు, కొన్నాళ్లాగి అదే షాపులో అదే డబ్బాలో ఇంకోటి కొన్నా అదీ రియల్‌టెక్కే, లైనక్స్ మిషన్లో పెట్టి ఎల్‌ఎస్‌పీసీఐ (మిషన్లో ఉన్న కార్డుల జాబితా చూపే కమాండ్) కొడితే రెండూ 10ఈసీ:8168 అనే చూపిస్తాయి. కానీ లోపలున్న చిప్ ఒకటే అని గ్యారంటీ లేదు. 8168 అన్న ఆ ఒక్క ఐడీ వెనకాల రియల్‌టెక్ ఏళ్ల తరబడి చాలా రివిజన్లు తెచ్చింది, లైనక్స్‌లో వాటన్నిటికీ కలిపి ఆర్8169 అని ఒకటే డ్రైవరు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాము. ఆ డ్రైవరు స్టార్టయినప్పుడు చిప్‌లో ట్రాన్స్‌మిట్ కాన్ఫిగ్ అనే రిజిస్టర్ (చిప్ లోపల విలువలుండే చిన్న గడి) చదివి, అందులో కొన్ని బిట్లు పట్టుకుని, తన దగ్గరున్న టేబుల్లో వెతుక్కుని "ఓహో నువ్వు ఫలానా వెర్షనా" అని తేల్చుకుంటుంది. ఆ వెర్షన్ నంబర్లు అరవై దాటేశాయి.

మేం మధురవాడలో చిన్న చిన్న నెట్‌వర్క్ గేట్‌వే బాక్సులు చేస్తుంటాం, కాబట్టి ఈ డ్రైవర్ల సోర్స్ కోడ్ చదవడం రోజువారీ పనిలో భాగమే. చదవగా చదవగా నాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. ప్యాకెట్ పంపడం, ప్యాకెట్ తీసుకోవడం, ఈ రెండూ ఒక కుటుంబంలో ఉన్న చిప్పులన్నిటికీ దాదాపు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే అవి సరిగ్గా నడవకపోతే చిప్ అమ్ముడుపోదు, ఫ్యాక్టరీలోనే టెస్ట్ చేస్తారు. అదే ఏదన్నా తేడా కొట్టినప్పుడు చిప్ ఏం చెబుతుంది, ఎక్కడ చెబుతుంది, చెప్పిన మాట నమ్మొచ్చా లేదా, ఇవి మాత్రం చిప్ చిప్‌కీ మారిపోతాయి. హార్డ్‌వేర్ తేడాలన్నీ ఎర్రర్ కోడ్‌లో పోగుపడతాయి అనేది నా వాదన, అందుకే ఆ కోడ్‌ని ఆఖర్న హడావిడిగా రాసేసే పనిలా చూడకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుని నిదానంగా చూద్దాం. ఏదన్నా జరిగినప్పుడు చిప్ ప్రాసెసర్‌ని పిలిచే పిలుపుని ఇంటరప్ట్ అంటారు, ఏం జరిగిందో చెప్పేది ఇంటరప్ట్ స్టేటస్ రిజిస్టర్, ఆర్8169 డ్రైవరు చూసే ఆ రిజిస్టర్లో సిస్టమ్ ఎర్రర్ అని ఒక బిట్ ఉంది. పాత 8169 చిప్పులు పీసీఐ స్లాట్ కాలంనాటివి, ఆ బస్సు (కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారి) మీద ప్యారిటీ తప్పడం, అంటే పంపిన బిట్లు దారిలో మారిపోవడం లాంటి గొడవ జరిగితే చిప్ ఈ బిట్ పైకెత్తుతుంది, డ్రైవరు వెళ్లి పీసీఐ స్టేటస్ చదివి, అందులో ఎర్రర్ బిట్లు తుడిచేసి, చిప్‌ని రీసెట్ చేయడానికి పని షెడ్యూల్ చేస్తుంది. ఆ చిప్పుల వరకు చక్కటి పద్ధతి. తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిప్పులొచ్చాయి, బిట్ అక్కడే ఉంది, పేరూ అదే, డ్రైవర్ కోడూ అందరికీ అదే. ఈలోగా తేలిందేంటంటే 8168ఎఫ్‌పీ అనే చిప్ ఏ కారణమూ లేకుండానే అప్పుడప్పుడు ఆ బిట్‌ని పైకెత్తేస్తుంది. నిజంగా ఏ ఎర్రరూ లేదు. కానీ డ్రైవరు నమ్మితే ఏమవుద్ది? రీసెట్ చేస్తుంది, ఆ కాసేపు ట్రాఫిక్ ఆగిపోతుంది, వాడేవాళ్లకి మాత్రం "నెట్ ఉన్నట్టుండి పోతోంది, మళ్లీ వస్తోంది" అని కనిపిస్తుంది. కేబుల్ మారుస్తారు, స్విచ్ మారుస్తారు, ఇంటర్నెట్ వాడికి ఫోన్ చేసి తిడతారు. లేని జబ్బుకి డ్రైవరు వైద్యం చేస్తోందని ఎవరికి తట్టుద్ది?

ఇప్పుడు కెర్నల్లో (డ్రైవర్లన్నీ ఉండే లైనక్స్ అసలు భాగంలో) ఏం చేశారంటే, ఆ బిట్‌ని పాత పీసీఐ చిప్పులకి మాత్రమే, అంటే ఆరో నంబర్ వెర్షన్ వరకు మాత్రమే పట్టించుకుంటారు, ఆపైవాటికి వదిలేస్తారు, పక్కన ఎందుకో ఒక లైన్ కామెంట్ కూడా పెట్టారు. నాకు ఇందులో బాగా నచ్చింది, ఈ తేడాని రెండుచోట్ల రాయడం. ఇంటరప్ట్ మాస్క్ (ఏ సంఘటనలకి పిలవాలో చిప్‌కి చెప్పే రిజిస్టర్) సెట్ చేసేచోట పాత చిప్పులకే ఆ బిట్ ఆన్ చేస్తారు, ఇంటరప్ట్ హ్యాండ్లర్లో (పిలుపు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్లో) మళ్లీ వెర్షన్ చూస్తారు. మాస్క్‌లోనే ఆపేశాం కదా, మళ్లీ హ్యాండ్లర్లో చెక్ ఎందుకు అని మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు, మంచి ప్రశ్న. మాస్క్ ఆపేది ఇంటరప్ట్‌ని మాత్రమే, స్టేటస్ రిజిస్టర్లో బిట్ లేవకుండా ఆపదు. ప్యాకెట్ వచ్చిందని వేరే ఇంటరప్ట్ ఏదో వస్తుంది, హ్యాండ్లర్ స్టేటస్ చదువుతుంది, ఈ అబద్ధపు బిట్ కూడా అందులోనే వెలుగుతూ కనిపిస్తుంది. మాస్క్‌ని నమ్ముకుని హ్యాండ్లర్లో చెక్ పెట్టకపోతే దొడ్డిదారిన అదే సమస్య మళ్లీ లోపలికొస్తుంది.

ఇదే హ్యాండ్లర్లో రిసీవ్ ఫిఫో (వచ్చిన ప్యాకెట్లు చిప్‌లో వరసగా ఆగే చోటు) నిండిపోయింది అనే ఇంకో బిట్‌ని కూడా ఒకప్పుడు చూసేవాళ్లు, దాన్ని చూసి క్యూ ఆపి రీసెట్ చేసింది 8168బిలో తొలి వెర్షన్ ఒక్కదానికే, పదకొండో నంబరుకి. మిగతావాటిలో ఫిఫో నిండితే కొన్ని ప్యాకెట్లు పోతాయి, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది, దీనికి మాత్రం ప్రత్యేకంగా చూసుకోవాల్సి వచ్చేది. ఒకే సంఘటనకి ఒక చిప్‌లో మందు రీసెట్, ఇంకో చిప్‌లో అసలు ఏమీ చేయకపోవడమే మందు.

రిజిస్టర్ అడ్రసులు కూడా ఇంతే. పాత చిప్పుల్లో ఇంటరప్ట్ మాస్క్ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 3సీ దగ్గర, స్టేటస్ 3ఈ దగ్గర, రెండూ 16 బిట్లు. రెండున్నర గిగాబిట్ల 8125 వచ్చేసరికి అవి 32 బిట్లయ్యాయి, మాస్క్ 38కి వెళ్లింది, స్టేటస్ 3సీకి వచ్చి కూర్చుంది. ఒక్కసారి ఆలోచించండి, పాతదాంట్లో మాస్క్ ఉన్న అడ్రసులోనే కొత్తదాంట్లో స్టేటస్ ఉంది. పాత చిప్ అనుకుని 3సీలో మాస్క్ రాస్తే కొత్త చిప్‌లో మీరు స్టేటస్ బిట్లని తుడిచేస్తున్నట్టు, 3ఈ దగ్గర స్టేటస్ చదివితే కొత్త చిప్‌లో అది స్టేటస్‌కి పైసగం మాత్రమే. ఏ ఎర్రరూ రాదు, కంపైలర్ ఏమీ అనదు, చిప్ కూడా ఏమీ అనదు, ఇంటరప్టులు మాత్రం ఎక్కడికో పోతుంటాయి. అందుకే డ్రైవర్లో ఈ చదవడం, రాయడం, తుడవడం అన్నీ చిన్న చిన్న ఫంక్షన్లలో దాచేశారు, వెర్షన్ చెక్ అక్కడొక్కచోటే, మిగతా కోడ్ అంతా "ఏ సంఘటనలు జరిగాయి" అని అడుగుతుంది తప్ప ఏ అడ్రసు, ఎన్ని బిట్లు అని అడగదు.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే విశాఖ పోర్టులో మూడో నంబర్ హెచ్చరిక ఎగరేస్తారు, కళింగపట్నంలో, భీమిలిలో అదే నంబర్ ఎగిరినా మత్స్యకారులకి వివరం ఎవరూ చెప్పక్కర్లేదు, నంబర్ల అర్థం అందరికీ ఒకటే కాబట్టి. చిప్పుల ఎర్రర్ బిట్లకి అలాంటి ఉమ్మడి ఒప్పందం లేదు. ఆ ఒప్పందాన్ని తయారుచెయ్యడమే డ్రైవర్ పని, కింద చిప్ ఏ భాషలో అరిచినా పైన కెర్నల్‌కీ అడ్మిన్‌కీ ఒకే అర్థం వచ్చేలా మార్చి చెప్పాలి. డ్రైవర్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపేది అని పుస్తకాల్లో ఉంటుంది, నా దృష్టిలో ఎర్రర్ల విషయంలో అది ముందు దుబాసీ.

కొన్ని ఎర్రర్లు చిప్ చెప్పేవి కావు, చిప్ లేకపోవడం వల్ల వచ్చేవి. పీసీఐ బస్సు మీద ఒక డివైస్ ఊడిపోయినా, పవర్ పోయి సమాధానం ఇవ్వకపోయినా, దాని రిజిస్టర్ చదివితే అన్నీ ఒకట్లే వస్తాయి, 16 బిట్ల రిజిస్టరయితే నాలుగు ఎఫ్‌లు. దీన్ని మామూలు స్టేటస్ అనుకుని బిట్లు చూడ్డం మొదలెడితే ప్రతి ఎర్రర్ బిట్టూ వెలుగుతున్నట్టే ఉంటుంది, లింక్ మారిందంటుంది, ప్యాకెట్ వచ్చిందంటుంది, ఫిఫో నిండిందంటుంది, అన్నీ ఒకేసారి. కాబట్టి హ్యాండ్లర్లో మొట్టమొదటి ప్రశ్న "అసలు చిప్ ఉందా" అని అడగాలి, ఆ తర్వాతే మిగతా బిట్లు. వరస తప్పితే లేని చిప్‌కి రీసెట్ కమాండ్ రాసి, రీసెట్ అయ్యిందా అని మళ్లీ అన్నీ ఒకట్లే చదువుతూ టైమవుట్ దాకా అక్కడే కూర్చుంటారు. ఎర్రర్ కోడ్‌లో చెక్‌ల వరస కూడా హార్డ్‌వేర్ గురించిన జ్ఞానమే, ఏదో అందంగా ఉంటుందని పైకీ కిందకీ జరపకూడదు.

ఇక కౌంటర్ల సంగతి, ఇది మామూలు అడ్మిన్లకి కూడా పనికొచ్చే విషయం కాబట్టి కాస్త ఎక్కువ చెబుతా. ఇంటెల్ పాత గిగాబిట్ చిప్పుల్లో ఎర్రర్ కౌంటర్ రిజిస్టర్ చదివితే అది సున్నా అయిపోతుంది, కాబట్టి డ్రైవరు చదివిన ప్రతిసారీ తన దగ్గరున్న మొత్తానికి కలుపుకుంటూ పోవాలి, కలపకుండా చదివిన విలువే చూపిస్తే ఎర్రర్లు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తాయి. రియల్‌టెక్‌లో కథ వేరు, చిప్ తన లెక్కలన్నీ ఒకేసారి మెమరీలోకి దింపుతుంది, చదివినా సున్నా అవదు. కొత్త వెర్షన్లలో సున్నా చెయ్యమని కమాండ్ ఉంది, పంతొమ్మిదో నంబర్ వెర్షన్ కంటే ముందు వాటికి అదీ లేదు, పవర్ తీసి పెడితేనే సున్నా. అంటే డ్రైవర్ తీసేసి మళ్లీ లోడ్ చేస్తే సాఫ్ట్‌వేర్ లెక్కలు సున్నా నుంచి మొదలవుతాయి, చిప్ లెక్కలు మాత్రం నిన్నటివి అలాగే ఉంటాయి, రెండూ కలిపి చూపిస్తే అర్థంలేని నంబరొస్తుంది. దానికి డ్రైవర్ చేసిన ఉపాయం చాలా చిన్నది: ఇంటర్‌ఫేస్ ఓపెన్ చేసినప్పుడు పాత చిప్ అయితే అప్పటి కౌంటర్ విలువల్ని పక్కన రాసిపెట్టుకుంటుంది, తర్వాత చూపించేటప్పుడు అవి తీసేసి చూపిస్తుంది. కొత్త చిప్ అయితే కమాండ్ ఇచ్చి సున్నా చేయిస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇదంతా ఎందుకు ముఖ్యమో ఫిషింగ్ హార్బర్ వైపు ఏ కోల్డ్ స్టోరేజీలోనైనా పెట్టిన బాక్స్‌ని చూస్తే అర్థమవుద్ది. మన సముద్రపు ఉప్పుగాలికి ఆర్‌జే45 కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుం పడతాయి, కాంటాక్ట్ సరిగా ఉండదు, సీఆర్‌సీ ఎర్రర్లు (ప్యాకెట్ దారిలో పాడైందని తేలినవి) పెరుగుతాయి, అవి నిజమైన ఎర్రర్లు, కనెక్టర్ కోసేసి కొత్తది కొడితే తగ్గుతాయి. అదే మిస్డ్ అనే కౌంటర్ పెరుగుతుంటే కేబుల్‌కి సంబంధం లేదు, ప్యాకెట్ శుభ్రంగానే వచ్చింది, ప్రాసెసర్ తీసుకునేలోపు చిప్‌లో బఫర్ చాలలేదు. మొదటిదానికి మనిషి నిచ్చెనెక్కాలి, రెండోదానికి రింగ్ (ప్యాకెట్ల కోసం మెమరీలో ఉంచిన వరస) సైజు పెంచితే సరిపోవచ్చు. డ్రైవరు చిప్ లెక్కని తప్పు గల్లాలో వేస్తే, మిస్డ్‌ని తీసుకెళ్లి మామూలు ఎర్రర్లలో కలిపేస్తే, ఆ మనిషి ఊరికే నిచ్చెనెక్కుతాడు. 2025 అక్టోబర్లో గూగుల్ మన వైజాగ్‌లో డేటా సెంటర్ పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి ఇక్కడ అందరి నోటా సర్వర్ల మాటే, వేల మిషన్లున్న చోట ఏ కార్డు మార్చాలి, ఏది వదిలెయ్యాలి అని తేల్చేది ఈ నంబర్లు చూసే స్క్రిప్టులే, నంబర్ వెనకాల అర్థం చిప్‌ని బట్టి మారిపోతే ఆ స్క్రిప్ట్ ఎంత తెలివైనదైనా లాభం లేదు.

మరి ఈ తేడాల్ని కోడ్‌లో ఎక్కడ పెట్టాలి? ఉన్నచోటే "ఈ వెర్షన్ అయితే" అని ఇఫ్ పెట్టడం ఒక దారి. చిప్ గుణాల్ని ఫ్లాగులుగా రాసి, స్టార్టప్‌లో ఒక్కసారి తేల్చేసి, తర్వాత ఫ్లాగ్ మాత్రమే అడగడం ఇంకో దారి. ప్రవర్తన మొత్తం వేరయితే చిప్ కుటుంబానికో ఫంక్షన్ టేబుల్ పెట్టాలి. నా ఓటు ఎక్కువగా ఫ్లాగులకే, ఎందుకో ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్ చూపిస్తా. 82574 అనే చిప్‌లో పీహెచ్‌వై, అంటే కేబుల్‌తో మాట్లాడే భాగం, అప్పుడప్పుడు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయానని చెప్పే బిట్ ఏదీ లేదు. డ్రైవరు ఊహించి కనుక్కోవాలి: రిసీవ్ ఎర్రర్ కౌంటర్ చదివి అది పూర్తిగా నిండిపోయి ఉంటే, అప్పుడు ఇంకో స్టేటస్ రిజిస్టర్లో ఐడిల్ ఎర్రర్ లెక్క చూస్తుంది, అదీ నిండి ఉంటేనే బిగుసుకున్నట్టు అనుమానం. అప్పుడు కూడా వెంటనే రీసెట్ చెయ్యదు, రెండోసారి చూసినప్పుడు కూడా అలాగే ఉంటేనే చేస్తుంది. ఈ చెక్ అంతా "పీహెచ్‌వై హ్యాంగ్ చూడాలి" అనే ఒక ఫ్లాగ్ వెనకాల ఉంది, ఆ ఫ్లాగ్ చిప్ వివరాల టేబుల్లో ఉంది. రేపు ఇంకో చిప్‌కి ఇదే రోగం ఉందని తేలితే టేబుల్లో ఒక పదం కలిపితే చాలు. అదే చిప్ నంబర్‌తో ఇఫ్ రాసుంటే, ఆ ఇఫ్ చదివేవాడికి ఆ నంబర్‌కీ ఈ చెక్‌కీ సంబంధం ఏంటో ఎప్పటికీ తెలియదు.

అలాగని ఒక్క చిప్‌లో ఒక్కచోట వచ్చే తేడాకి కూడా ఫ్లాగులు, టేబుళ్లు కట్టుకుంటూ పోనక్కర్లేదు, ఇఫ్ పెట్టి పైన మంచి కామెంట్ రాస్తే చాలు, పైన చెప్పిన పదకొండో నంబర్ అలాంటిదే. కామెంట్ మాత్రం తప్పనిసరి. ఏ చిప్‌లో చూశాం, ఏం జరిగింది అన్నది లేకపోతే కొన్నేళ్ల తర్వాత ఎవరో కోడ్ శుభ్రం చేస్తూ ఇదెందుకో అర్థం కావట్లేదని తీసేస్తారు, ఎక్కడో ఒక ఆఫీసులో నెట్ మళ్లీ పడిపోవడం మొదలవుద్ది.

టేబుల్లో లేని చిప్ వస్తే? ఆర్8169 ఒకప్పుడు తెలియని వెర్షన్ కనిపిస్తే కుటుంబం పేరు మీద ఒక డిఫాల్ట్ అనుకుని నడిపించేసేది. ఇప్పుడు అలా కాదు, ఇది నాకు తెలియని చిప్, మెయింటెయినర్లకి చెప్పండి అని లాగ్‌లో రాసి డివైస్ లేదన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. కొత్త మదర్‌బోర్డు కొన్నవాళ్లకి ఇది కోపం తెప్పిస్తుంది, "ఏటి గురూ, పాత దాంట్లో ఏదోలా నడిచేది కదా" అంటారు. అయినా ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం. పైన 3సీ అడ్రసు సంగతి చూశాం కదా, తెలియని చిప్‌ని పాత చిప్ అనుకుని రాస్తే ఏ రిజిస్టర్లో ఏం పడుతుందో ఎవరికీ తెలియదు, వారానికోసారి డేటా పాడయ్యే కార్డు కంటే అసలు లేవని కార్డు నయం, లేవకపోతే కనీసం కారణం అడుగుతారు.

డ్రైవరు పైకి ఇచ్చే ఎర్రర్ నంబర్లలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఒక ఫీచర్ ఈ చిప్‌లో లేదంటే సపోర్ట్ లేదు అనే కోడ్ ఇవ్వాలి, లైనక్స్‌లో 95. చిప్‌లో ఉంది, అడిగాం, టైముకి జవాబు రాలేదంటే టైమవుట్, 110. చదవడమే కుదరలేదంటే ఐఓ ఎర్రర్, 5. చాలా డ్రైవర్లలో బద్ధకించి అన్నిటికీ 5 ఇచ్చేస్తుంటారు, దాంతో ఈథ్‌టూల్ (లాన్ కార్డు వివరాలు, సెట్టింగులు చూసే కమాండ్) కొట్టినవాడు ఆ ఫీచర్ తన చిప్‌లో పుట్టుకతోనే లేదని తెలియక కార్డు పాడైందని రిటర్న్ ఇచ్చేస్తాడు. దీనికంటే ఘోరం సున్నా ఇవ్వడం, అంటే పని అవ్వకపోయినా అయిపోయిందని చెప్పడం.

ఇవన్నీ టెస్ట్ చెయ్యడం ఎలా అంటే, నిజం చెప్పాలంటే ఏ ఒక్కరి దగ్గరా అన్ని చిప్పులూ ఉండవు, మెయింటెయినర్ల దగ్గర కూడా ఉండవు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎర్రర్లని కావాలని పుట్టించే ఏఈఆర్ ఇంజెక్ట్ లాంటి టూల్ ఉంది, రికవరీ దారి పరీక్షించడానికి అది బాగా పనికొస్తుంది, కానీ ఒక చిప్ అబద్ధపు బిట్ ఎత్తుతుందని ఏ టూలూ ముందే చెప్పలేదు. అది ఎవరో వాడుతూ చూసి చెబితేనే తెలుస్తుంది. అందుకే లాగ్‌లో ఎర్రర్ రాసేటప్పుడు డ్రైవర్ తన అర్థంతో పాటు రిజిస్టర్ అసలు విలువ కూడా హెక్స్‌లో రాయాలి, లాగ్ నిండిపోకుండా రేట్ లిమిట్ పెట్టి మరీ రాయాలి, అనువాదం తప్పయినా ఒరిజినల్ ఉంటే తర్వాత ఎవరైనా సరిచేసుకోగలరు.

కాబట్టి రుషికొండలో ఉద్యోగం చేసేవాళ్లయినా, ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లయినా, మీ మిషన్లో "ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్" అని నెట్‌డెవ్ వాచ్‌డాగ్ (ప్యాకెట్లు బయటికి పోవట్లేదని కనిపెట్టే కెర్నల్ కాపలా) మెసేజ్ కనిపిస్తే రీబూట్ చేసి వదిలెయ్యొద్దు. డీమెస్గ్‌లో, అంటే కెర్నల్ లాగ్‌లో, డ్రైవర్ లోడయినప్పుడు ఎక్స్‌ఐడీ అని ఒక నంబర్ రాస్తుంది, చిప్ అసలు గుర్తింపు అదే, దాన్ని తీసుకోండి. ఎల్‌ఎస్‌పీసీఐలో ఐడీ నంబర్లు వచ్చే ఆప్షన్‌తో ఒక కాపీ, కెర్నల్ వెర్షన్, ఈథ్‌టూల్‌లో డ్రైవర్ వివరాలు, సమస్యకి ముందూ తర్వాతా కౌంటర్లు, ఏం చేస్తుండగా వచ్చింది, పాత కెర్నల్లో వచ్చేదా లేదా, ఇవన్నీ కలిపి డ్రైవర్ మెయింటెయినర్లకి పంపండి. నెట్ పనిచెయ్యట్లేదు అని ఒక్క లైన్ రాస్తే వాళ్లు ఏమీ చెయ్యలేరు, ఎక్స్‌ఐడీ ఉంటే మాత్రం ఆ టేబుల్లో ఏ వరస దగ్గర చూడాలో వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.